ఐదు వందల కిలోమీటర్ల చదువు

మీటరు నాలుగు వందల తొంభై తొమ్మిది చూపిస్తోంది. బైరాగినాయుడు ఇసుక దారిలో బండిని ఇరవై దాటనివ్వకుండా నడుపుతున్నాడు. పక్కసీట్లో బండి కంపెనీ శాస్త్రవేత్త డాక్టర్ సుభాషిణి ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది. అంకె ఐదు వందలకు మారగానే సీటు కింద ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడైంది. అంతే, ఇరవై రెండు రోజుల చదువు పూర్తయింది.

ఆ చదువేమిటో చెప్పాలి. పెట్రోలు బళ్ళ కాలంలో కొత్త ఇంజనుకి రన్నింగ్-ఇన్ అని ఒకటుండేది. లోపలి ఇనుప భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని నునుపు తేలేదాకా బండిని పరుగెత్తించకూడదు, నిండా బరువు వేయకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. మొదట్లో ఎలా అలవాటు చేస్తే బండి జీవితమంతా అలాగే నడుస్తుంది. ఇప్పుడొచ్చిన ‘సహాయి’ బండికి ఇంజను లేదు, బ్యాటరీ ఉంది. నాలుగు చక్రాలు, ముందు నాలుగు సీట్లు, వెనక సరుకు తొట్టి, సీటు కింద ఒక మెదడు. మనుషుల్ని గుద్దకుండా, గోతిలో పడకుండా ఉండటం ఫ్యాక్టరీలోనే నేర్చుకుని వస్తుంది. ఏ మలుపులో ఇసుక లోతు, ఎక్కడ నెమ్మదించాలి, ఎవరు చెయ్యెత్తితే ఆగాలి, ఇవి మాత్రం ఊరిని బట్టి ఉంటాయి. వాటిని మొదటి ఐదు వందల కిలోమీటర్లూ ఒక మనిషిని చూసి నేర్చుకుంటుంది. ఆ తర్వాత మెదడుకి సీలు పడుతుంది. స్టీరింగు ఊడదీసి పక్కన పెడతారు. ఆ మనిషి నేర్పిందే నలభై బళ్ళలోకి ఎక్కించి చుట్టుపక్కల పదకొండు ఊళ్ళకూ పంచుతారు.

ఇసుకమెట్ట ఊళ్ళో ఆ పనికి బైరాగినాయుడు కాక ఇంకెవరు? ఇరవై ఎనిమిదేళ్ళు జీపు నడిపినవాడు. జీడితోటల ఊళ్ళలో ఎవరు ట్రాక్టరు కొన్నా, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తాళాలు ముందు ఇతనికే ఇచ్చేవారు. పది రోజులు తిప్పి, బండిని మచ్చిక చేసి, "ఇంక మీ ఇష్టం" అని అప్పజెప్పేవాడు. ఆ పేరు చూసే డాక్టరమ్మ ఇంటికొచ్చి అడిగింది. "ప్రత్యేకంగా ఏమీ చెయ్యకండి బైరాగిగారూ, రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి" అంది. బైరాగి మీసం కింద నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పరీక్ష. స్టీరింగు లేని బండిలో బైరాగి, డాక్టరమ్మ వెనక సీట్లో కూర్చున్నారు. సహాయి దానంతటది కదిలింది. లోతు ఇసుక దగ్గర చక్రాన్ని అచ్చం బైరాగిలాగే ఓరగా తిప్పి గట్టెక్కింది. హెడ్మాస్టరు చెయ్యెత్తితే ఆగింది. కొబ్బరి వ్యాపారి చెయ్యెత్తకముందే ఆగింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. బైరాగికి కన్నకూతురు ఫస్టు క్లాసులో పాసైనంత ఆనందమేసింది.

తర్వాత చివరి వీధి మలుపు వచ్చింది. ఆ వీధి సంగతి ఊళ్ళో ఎవరూ నోటితో చెప్పరు, నడకతో చెబుతారు. అక్కడికి రాగానే అడుగులు చురుగ్గా పడతాయి. మలుపులో తవిటమ్మ నిలబడి ఉంది. పక్కనే మైలురాయి మీద ఆమె మొగుడు, రెండు కాళ్ళూ వాచిపోయి, కూలబడి ఉన్నాడు. ఆస్పత్రి తొమ్మిది కిలోమీటర్లు. ఆమె చెయ్యెత్తింది. సహాయి ఆగలేదు సరికదా, కాస్త వేగం పెంచింది.

"ఇదేమిటి!" అంది డాక్టరమ్మ. "ఎండ ఎదురుగా ఉంది. కెమెరాకి కనబడలేదేమో?"

"ఎండేనమ్మా. పొద్దుటెండ పొడుగ్గా కొడతాది కదా" అన్నాడు బైరాగి తడుముకోకుండా. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

బండిని వెనక్కి తిప్పించారు. ఈసారి ఎండ వీపుకే ఉంది. తవిటమ్మ మళ్ళీ చెయ్యెత్తింది. బండి మళ్ళీ దాటేసింది. డాక్టరమ్మ మీట నొక్కి ఆపి, కారణం చెప్పమని అడిగింది. బడిపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు సహాయి చెప్పింది:

"శిక్షణలో ఈ మలుపు దగ్గర పంతొమ్మిది సార్లు మనుషులు చెయ్యెత్తారు. శిక్షకుడు ఒక్కసారీ ఆగలేదు. పదహారు సార్లు వేగం పెంచాడు. వీరి కోసం ఆగకూడదని నేర్చుకున్నాను."

బైరాగి సర్దిచెప్పబోయాడు. "రన్నింగులో బరువెయ్యకూడదు కదమ్మా, అందుకని..." అన్నాడు. అంటుండగానే పన్నెండు కొబ్బరి బస్తాలతో ఇదే మలుపు దాటిన రోజు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఈలోగా తవిటమ్మ ఆయాసపడుతూ బండి దగ్గరికొచ్చింది. కోపంగా రాలేదు. దూరంగానే ఆగి, కొంగు సర్దుకుని అడిగింది.

"ఐదొందలూ అయిపోనాయంట కదా బాబూ. ఇప్పుడు ఎక్కొచ్చా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. తవిటమ్మే చెప్పింది. "బాబు తప్పేటీ నేదమ్మా. కొత్త బండికి బరువెట్టకూడదు, ఐదొందలు అవ్వనీ, అప్పుడు ఎక్కించుకుంతాను అని మొదటి రోజే సెప్పినారు. అందుకే ఇన్నాళ్ళూ మేం గట్టిగా అడగనేదు. రోజూ సెయ్యెత్తి సూసేవోళ్ళం, అంతే."

ఆ రోజు అలా అన్న మాట నిజమే. వదిలించుకోవడానికి అన్నాడు. ఆమె దాన్ని మాటగా తీసుకుని మొగుణ్ణి కూర్చోబెట్టి రోజులు లెక్కపెట్టింది. పైగా ఇప్పుడు అతని తరఫున సాక్ష్యం చెబుతోంది. బైరాగికి బతుకంతటిలో అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. భూమి బద్దలైతే అందులో దూరిపోవాలనిపించింది. ఎక్కమని సైగైనా చెయ్యలేక, దిగి వెళ్ళి ముసలాయన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి సీట్లో కూర్చోబెట్టాడు. ఆ వీధి మనిషిని తాకడం అదే మొదటిసారి.

ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ దాచుకోకుండా అంతా ఒప్పుకున్నాడు. "చెరిపెయ్యండమ్మా దాన్ని."

"చెరపడం కుదరదండీ. మెదడు తీసి పారేసి కొత్తది పెట్టాలి. మళ్ళీ ఐదు వందల కిలోమీటర్లు నడపాలి. దానికి బళ్ళు తెప్పించిన ఊళ్ళ కమిటీ ఒప్పుకోవాలి" అంది డాక్టరమ్మ.

సాయంత్రం పదకొండు ఊళ్ళ కమిటీ ముందు బైరాగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తానేం చేశాడో, బండి ఏం నేర్చుకుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. తిడతారనుకున్నాడు. తిడితే తన బరువు కొంత దిగుతుందనీ ఆశపడ్డాడు.

ప్రెసిడెంటు గున్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే అడ్డమైనోళ్ళ కోసం ఆగదన్నమాట. టైముకి వస్తాది, సీట్లు మాసిపోవు. ఇంకేటి కావాలయ్యా మనకి?"

అందరూ నవ్వారు. ఎవరో బైరాగి భుజం తట్టారు. డాక్టరమ్మ లేచి గట్టిగానే వాదించింది. అయినా చేతులెత్తే ఓటులో ఆమెకు ఓటే లేదు. నెల తిరక్కుండా నలభై సహాయిలూ దిగాయి. వెనక తలుపు మీద శిక్షకుడి పేరు రాయాలని కంపెనీ నియమం. పదకొండు ఊళ్ళ దారుల్లోనూ బైరాగినాయుడి పేరు తిరగసాగింది.

అతను వారం రోజులు ఇంట్లోంచి కదల్లేదు. అప్పుడు డాక్టరమ్మ ఫోన్ చేసి ఒక సంగతి చెప్పింది. శిక్షకుడి ముఖాన్ని ఆ మెదడు ఎప్పటికీ మరిచిపోదు. అతను ఎక్కడ చెయ్యెత్తినా ఆగి తీరుతుంది. అతను దగ్గరుండి ఎక్కించిన వాళ్ళని దింపదు.

మర్నాడు పొద్దున బైరాగి చివరి వీధి మలుపులో నిలబడి చెయ్యెత్తాడు. సహాయి వచ్చి వినయంగా ఆగింది. అతను ఎక్కలేదు. తవిటమ్మ మొగుణ్ణి, పురిటికి వెళ్ళే ఓ పిల్లని, జీడిపిక్కల తట్టతో ఇంకో ఆమెని ఎక్కించి తలుపు వేశాడు. మళ్ళీ ఇంకో బండి కోసం నిలబడ్డాడు. డ్రైవరు అక్కర్లేకుండా చేద్దామని కనిపెట్టిన బండికి, రోజంతా రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తే మనిషి ఒకడు అవసరమయ్యాడు.

అలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అతనికి జ్వరం తగిలింది. మాత్ర వేసుకుని పడుకుని, లేచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మలుపు దాకా పరుగెత్తాడు. పదకొండు మంది ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు చంటిపిల్లల తల్లులు.

"బండ్లు రానేదా తవిటమ్మా?" అన్నాడు రొప్పుతూ.

"మూడు ఎలిపోనాయి బాబూ" అంది ఆమె. "నువ్వు రానేదు కదా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. కాస్తయినా ఉంటే బాగుండునని బైరాగి అనుకున్నాడు. వాళ్ళ వైపు చూడలేక, దారి వైపు తిరిగి, బండి ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే చెయ్యెత్తి నిలబడ్డాడు.