దిగినవాడే చెప్పాలి

కరెంటు కార్ల కోసం పెద్ద రోడ్డు పొడుగునా ఛార్జింగ్ స్టేషన్లు కట్టారు. అన్నిటి దగ్గరా బండ్లు బారులు తీరతాయి — వంతెన దిగగానే ఉన్నదాని దగ్గర తప్ప. చీకటి పడితే అక్కడ పురుగు కూడా ఆగదు. దాని కేబుల్ గోతిలో ఒక మనిషి మాడిపోయాడు... పోయినవాడు ఇంకా పోలేదంటారు.

తొందర సారైతే అక్కడ అసలే ఆగడు. ఆ స్టేషన్ కట్టించిన ఇంజనీరు ఆయనే. పొయ్యి వెలిగించకముందే వడ్డించమనే రకం కాబట్టి కూలీలు పెట్టిన పేరది.

కానీ ఆ రాత్రి కూతురికి పురిటి నొప్పులు. "ఆపరేషన్ అంటున్నారండీ... అది నాన్న నాన్న అని ఒకటే కలవరింత. రండి!" అని భార్య ఫోను. వంతెన దిగేసరికి కారు బ్యాటరీ అడుగంటింది.

ప్లగ్గు పెట్టాడు. మిషను పలకలేదు.

సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఆడగొంతు.

"ఇంజనీరుని మాట్లాడుతున్నా. వంతెన దగ్గర కరెంటు లేదేంటమ్మా?"

"లైను మీద మనిషి ఉన్నాడు సార్. దిగినవాడే పైకొచ్చి, పనైందని తన నోటితో చెప్తేగానీ కరెంటు ఇవ్వకూడదు. మీకు తెలియంది కాదు."

"ఇప్పుడు పనేంటి! ఎవరు దిగింది?"

"మా ఆయన."

గోతిలో పోయిన లైన్‌మన్ భార్యకి సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం ఇచ్చారని తొందర సారుకి అప్పుడు గుర్తొచ్చింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దలు వచ్చేస్తున్నారని, లైన్‌మన్ ఇంకా గోతిలో ఉండగానే "పైకొచ్చేశాడు, కరెంటు ఇచ్చెయ్" అని సబ్‌స్టేషన్‌కి ఫోనులో చెప్పింది తనే. తాగి, చెప్పకుండా మళ్లీ దిగాడని విచారణలో నమ్మించిందీ తనే.

"అమ్మా... నా కూతురు..."

"నాకూ ఉంది సార్ కూతురు. తాగుబోతు కూతురని బడిలో ఏడిపిస్తారు. ఈ ఫోను రికార్డవుతోంది. జరిగింది చెప్పండి."

ప్లగ్గు సరిగ్గా కూర్చుందో లేదోనని దాన్ని అదిమిపట్టుకునే చెప్పాడు. "అతను తాగలేదు... పైకి రాలేదు... అబద్ధం ఆడింది నేనే..."

మిషను భగ్గున వెలిగింది.

"బతికించావు తల్లీ! వచ్చేసింది!"



"సార్..." ఈసారి ఆమె గొంతు వణికింది. "నేనింకా స్విచ్ వేయలేదు."

తొందర సారు ప్లగ్గు మీంచి చెయ్యి తీయబోయాడు.

రాలేదు.