సోమ్లి కొంగులో బియ్యం

రాఘవమ్మ మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ హీరాలాల్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. సత్తుపల్లి బస్టాండు ఎదురుగా, సైకిల్ షాపు మీది గది అది. ఆమె చెప్పులు విడిచింది గాని కూర్చోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"పిల్లి కనబడట్లేదు బాబూ" అంది.

అసిస్టెంటు పిచ్చయ్యకు నవ్వొచ్చింది. హీరాలాల్ ముఖం చూసి మింగేశాడు. హీరాలాల్ ఇల్లందు పక్క తండాలో పుట్టి, పోలీసు కొలువు చేసి వదిలేసిన మనిషి. ఎవరేం చెప్పినా చివరిదాకా వింటాడు. పిచ్చయ్యకు ఆయన దగ్గర ఇంకా పట్టుబడని విద్య అదే.

రాఘవమ్మది అశ్వారావుపేట దాటాక అడవి అంచు ఊరు. భర్త వెంకటప్పయ్య కోస్తా నుంచి వచ్చి పొగాకు వేస్తున్నాడు. ఆ పిల్లి వాళ్లది కాదు, ఎవరిదీ కాదు. పెరటి గుమ్మం దగ్గర పెరుగన్నం తిని తన దారిన పోయేది. నిండు చూలుతో ఉంది. మొన్నటి నుంచి జాడ లేదు. పొగాకు కాల్చే బ్యారన్ కాడ పొయ్యి చూసే రామ్‌సింగ్ గొంగడికి దాని బొచ్చు అంటుకుని ఉండటం వెంకటప్పయ్య కంట పడింది. వాడే చంపాడని తేల్చేశాడు. పొయ్యి దిక్కుకు రావద్దన్నాడు. ఈ సాయంత్రం తానే బ్యారన్ వెలిగించి, ఆ మొగుడూ పెళ్లాలను ఊరు దాటిస్తానంటున్నాడు.

"చూలు పిల్లిని చంపిన పాపం మా గడప తొక్కితే నేను తట్టుకోలేను. చంపని మనిషిని గెంటేస్తే అది ఇంకో పాపం. ఏది నిజమో చెప్పండి, అంతే చాలు."

మొన్న ఇంటికి ఎవరెవరొచ్చారని హీరాలాల్ అడిగాడు. రాఘవమ్మ ఆలోచించి, రామ్‌సింగ్ భార్య సోమ్లి తప్ప ఎవరూ రాలేదంది.

"పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది. అమ్మా, పొయ్యిల పిల్లి లేవలే, అంది. పాపం ఇంట్లో వంట లేదు కాబోలని కొంగు పట్టించి బియ్యం పోశాను. ఇంకా ఏదో చెప్పబోయింది. సిగ్గుపడకు, పో అన్నాను."

ఆ రోజే సోమ్లి చెల్లెలింట్లో పెళ్లికని బస్సెక్కి పోయిందట. ఈ సాయంత్రం తిరిగి రావాలి.

ముగ్గురూ బస్సు దిగేసరికి ఎండ వాలుతోంది. చేను చివర బ్యారన్ ఒంటరిగా, ఎత్తుగా నిలబడి ఉంది. దాని వెనక నుంచే అడవి మొదలు. లోపల కర్రలకు అల్లిన పచ్చాకు కప్పుదాకా వేలాడుతోంది. గోడ కింద పొయ్యి. పొయ్యిలోంచి మనిషి దూరగలిగినంత ఇనుప గొట్టం లోపలికి పోయి, బ్యారన్ అంతా తిరిగి వేడి మోస్తుంది.

వెంకటప్పయ్య వాళ్లను చూసి, జిల్లాలో దొంగలు కరువై పిల్లుల మీద పడ్డారా అన్నాడు. హీరాలాల్ నొచ్చుకోలేదు. పొయ్యి తలుపు ఎప్పటి నుంచి వేసి ఉందని అడిగాడు. పోయిన విడత ఆకు కాల్చడం అయ్యాక బూడిద ఇంకా వెచ్చగా ఉంటే ఊరకుక్కలు అక్కడ చేరుతున్నాయని, మొన్న మధ్యాహ్నం తానే గడియ పెట్టానని వెంకటప్పయ్య చెప్పాడు.

రామ్‌సింగ్ గుడిసె ముందు గొంగడి దండెం మీద ఉంది. హీరాలాల్ దాన్ని నేల మీద పరిచాడు. కాళ్ల వైపు తెల్ల బొచ్చు, పళ్లెమంత గుండ్రంగా.

"పొయ్యి కాడ కాపలా పండుకుంటే నా కాళ్ల కాడ ముడుసుకునేది సార్" అన్నాడు రామ్‌సింగ్. "కాల్చుడు అయినంక గొంగడి ఇంటికి తెచ్చుకున్న. అది నా యెంట రాలే."

హీరాలాల్ గుడిసెలోకి తొంగి చూశాడు. గంపలో జొన్నరొట్టెలు. మూలన ముంతలో బియ్యం, ముట్టకుండా ఉన్నాయి. మొన్న వంట చేసుకోలేదా అని అడిగాడు. రామ్‌సింగ్ ముఖం మాడ్చుకున్నాడు.

"మా ఇంట్ల ఏ పూటా పొయ్యి ఆగలే. అమ్మ బియ్యమెందుకు పోసిందో సమజ్ కాలేదనుకుంటనే సోమ్లి బస్సుకు ఉరికింది, ఇంకేం చెప్పలే."

పిచ్చయ్య కూడా అదే గొంగడి చూశాడు, అవే బియ్యం చూశాడు. ఏమీ తట్టలేదు. హీరాలాల్ మాత్రం గొంగడి భుజాన వేసుకుని అప్పటికే చేనుకు అడ్డంపడి పోతున్నాడు. "జల్దీ రా పిచ్చయ్యా. నువ్వూ రా రామ్‌సింగ్."

పొయ్యి ముందు కూలీలంతా గుమిగూడి ఉన్నారు. కొబ్బరికాయ కొట్టడం అయింది. తలుపు తెరిచి కట్టెలు పేర్చారు. వెంకటప్పయ్య అగ్గిపుల్ల తీశాడు. హీరాలాల్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ పుల్ల గీస్తే మీ ఆవిడ భయపడ్డ పాపం మీ చేతికే అంటుద్ది."

కట్టెలు బయటికి లాగించాడు. లోపల చీకటి తప్ప ఏమీ లేదు. పిచ్చయ్య గొట్టంలోకి చెయ్యి పెట్టబోతే ఆపాడు, పెడితే పిల్లి ఇంకా లోపలికి పోతుందని. పొయ్యి నోటి ముందు గొంగడి పరిచి, సత్తుగిన్నెతో నీళ్లు పెట్టి, అందర్నీ దూరంగా కూర్చోమన్నాడు. కూర్చున్నారు. అప్పుడు గొంతు తగ్గించి రాఘవమ్మతో చెప్పాడు.

"పొయ్యిలో పిల్లి లేవలేదంటే మీకు ఇంట్లో వంట లేదని అర్థం. సోమ్లికి తెలుగు కూలి పనుల్లో వచ్చిన భాష. మా అమ్మా అంతే, చూసింది చూసినట్టు చెప్తది. వెచ్చని బూడిదలో పిల్లి పడుకుంది. ఈనుతోంది గనుక లేపినా లేవలేదు. ఆ మాట చెప్పడానికే వచ్చింది. బియ్యం పోసి పంపారు."

రాఘవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చంపిన చోట బొచ్చు చెదిరి పడుద్ది. నమ్మి పడుకున్న చోటే గుండ్రంగా అంటుద్ది. రామ్‌సింగ్ ఉంటే పొయ్యి చూసుకునేవాడు, ఆయన్ని రానివ్వలేదు. గడియ పెట్టింది మీరే వెంకటప్పయ్య గారూ."

వెంకటప్పయ్య పక్కకు జరిగి, రామ్‌సింగ్‌కు తన పక్కన చోటిచ్చాడు.

గొట్టంలో చిన్న చప్పుడు. చీకట్లో రెండు కళ్లు వెలిగాయి. మసి పట్టి నల్లబడిన పిల్లి పొయ్యి గడప మీదికొచ్చి అందర్నీ ఒక్కసారి చూసింది. నీళ్లు తాగింది, చాలాసేపు తాగింది. మళ్లీ లోపలికి పోయి, నోట ఒక పిల్లను పట్టుకొచ్చి గొంగడి మీద పెట్టింది. ఇంకోసారి పోయింది. ఇంకొకటి. ఎముకలు తేలిన ఒళ్లు, ఒణుకుతున్న కాళ్లు, అయినా పోతూనే ఉంది. పిచ్చయ్య పక్కకు చూస్తే హీరాలాల్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

"అన్నీ వచ్చాయా?" వెంకటప్పయ్య గుసగుసగా అడిగాడు. "మనకెట్లా తెలుస్తుంది?"

"ఆ తల్లే చెప్పాలి."

పిల్లి మళ్లీ లోపలికి పోయింది. ఈసారి ఎంతకూ రాలేదు. ఎవరూ కదల్లేదు. చివరికి ఉత్త నోటితో వచ్చి, పిల్లల చుట్టూ ముడుచుకుని కళ్లు మూసుకుంది.

అప్పుడే బస్సు దిగిన సోమ్లి మూటతో వచ్చి జనం వెనక నిలబడింది. గొంగడి వైపు చూసింది. రాఘవమ్మ వైపు చూసి, ఈసారైనా అర్థం కావాలన్నట్టు ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పింది.

"అమ్మా. పొయ్యిల పిల్లి లేచింది."

రాఘవమ్మ లేచి వెళ్లి ఆమె చేతిలో మూట అందుకుంది. వెంకటప్పయ్య అగ్గిపెట్టె రామ్‌సింగ్ చేతిలో పెట్టాడు.