దులుపుడు మలుపులో ఆగిన కారు

నిజం చెప్పండి. ఆ కొండ మలుపు దగ్గర, మూతబడిన గంజి హోటల్ ముందు నుంచి చీకట్లో వచ్చినప్పుడు మీరేం చూశారు? ఏమీ చూడలేదా? మరి అక్కడికి రాగానే అద్దాలెందుకు ఎక్కించుకున్నారు?

చావింటి నుంచి నేరుగా సొంతింటికి వెళ్ళకూడదు మాకు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి. కాసేపు కూర్చోవాలి. వెంట వచ్చినవాళ్ళని అక్కడే దులిపేసుకుని రావాలి. లేకపోతే పోయినవాళ్ళు మనతోపాటే గడప దాటి లోపలికొస్తారు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆగేది ఆ హోటల్ దగ్గరే. వేడి గంజి తాగడం, చచ్చినవాళ్ళని ఆ బల్లల దగ్గర వదిలేసి లేచి రావడం. ఎంతమందిని వదిలి ఉంటామో ఆలోచించండి...

హోటల్ నడిపే ఓరియాంగ్ ఒకరోజు తాళం వేసి వెళ్ళిపోయింది. "ఇంక కూర్చోబెట్టడానికి చోటు లేదు" అందట. అప్పుడు లోపల ఒక్క గిరాకీ కూడా లేడు.

జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడిపి నడిపి మోకాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి నేను. సమ్మెల్లో మా రూట్ల కోసం రోడ్డుకి అడ్డం పడుకుని లాఠీలు తిన్నవాణ్ణి. దెయ్యాలకి భయపడే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. నా మేనల్లుడు ఇసగానీ చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను, అంతే.

వాడి భార్య పెర్లితాకి మేనమామ ఒకాయన ఉండేవాడు, తాస్యో. కుంటికాలు, చేతికర్ర. వస్తున్నాడంటే టక్... టక్... అని వీధి చివర నుంచే తెలిసేది. ఆయన పోయాడు. చావింటి నుంచి వీళ్ళు బయల్దేరేసరికి వాన అందుకుంది. ముందు సీట్లో, స్టీరింగ్ దగ్గర ఇసగానీ ఒక్కడే. వెనక సీట్లో పసిపిల్లతో పెర్లితా, పక్కన ఆమె తల్లి కొన్సింగ్. తాస్యోకి సొంత చెల్లెలు.

కొండ ఎక్కుతుండగా మొదలైంది. కింద నుంచి... టక్.

"విన్నావా?" అంది కొన్సింగ్.

"గుంత, అత్తమ్మా."

టక్... టక్.

"గుంత కాదు. మా అన్న కర్ర."

ఇసగానీ హోటల్ రేకుల పందిరి ముందు ఆపాడు. చప్పుడు ఆగింది. కాస్త ముందుకు కదిపాడు... టక్. ఆపాడు. ఏమీ లేదు. వాన ఒక్కటే.

"పోనివ్వు అల్లుడూ. ఆగాం కదా, వదిలేశాం, అయిపోయింది. ఇంకాసేపు ఉంటే అన్న మళ్ళీ ఎక్కుతాడు."

"చూడకుండా ఎలా పోనివ్వను? ఇక్కణ్ణుంచి అంతా దిగుడు. పక్కన లోయ."

"కారు దిగితే నువ్వు నా అల్లుడివే కాదు!"

"పెళ్ళిలోనూ ఇదే మాట అన్నారు."

"గనీ..." పెర్లితా మొగుడితో గుసగుసలాడింది. "దిగకు. హోటల్ లోపల... ఎవరో బల్ల జరిపారు."

అప్పుడు వాడు నాకు ఫోన్ చేశాడు.

"మామా, గంజి హోటల్ దగ్గర ఆగాం. బండి కింద టక్కుటక్కుమంటోంది."

"గుంతలో పడితేనా, స్టీరింగ్ తిప్పితేనా?"

"రెంటికీ. తిప్పితే ఎక్కువ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"క్రిస్మస్ నుంచి... కొంచెం కొంచెం. పాటలు పెట్టుకుంటే వినబడేది కాదు."

"గాడిదా! పిల్లని ఎక్కించుకుని తిరిగేది ఆ బండిలోనా?" అరిచాను. "విను. ఇంజన్ ఆపకు. హ్యాండ్ బ్రేక్ లాగు. ముందు చక్రం వెనక చెయ్యి దూర్చు. కింది కమ్మీ చక్రానికి తగులుకునే చోట బాల్ జాయింట్ ఉంటుంది, గిన్నెలో గుండు తిరుగుతుంది. దాని మీద అరచెయ్యి ఆనించు. నీ పెళ్ళాన్ని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమను. టక్కుమన్నప్పుడు దెబ్బ నీ చేతికి తగిలిందా, ఇంక బండి కదపకు, తెల్లారగానే నేనొస్తా. ఆ గుండు ఊడితే చక్రం విరుచుకు పడుతుంది. మీరు లోయలో..."

సిగ్నల్ పోయింది.

వాడు దిగాడు. వెనక కొన్సింగ్ ఏదో అరిచింది, తలుపు పడింది, ఇంక వాన మోతే. బురదలో పక్కకి ఒరిగి పడుకుని చెయ్యి దూర్చాడు. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. చల్లటి ఇనుము తగిలింది.

"తిప్పు!"

చక్రం మెల్లగా ఎడమకి తిరిగింది. టక్... సరిగ్గా అరచేతిలో.

"ఇటు!"

కుడికి తిరిగింది. టక్.

"చాలు!"

ఆగింది.

వాడు లోపలికొచ్చి, పెర్లితా అప్పటికే వెనక్కి వెళ్ళి కూర్చుందనుకుని ఇంజన్ ఆపేశాడు. "తెల్లారి మామ వస్తాడు. అప్పటిదాకా ఇక్కడే."

కదిలితే లోయ. కదలకపోతే ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు. అద్దాల నిండా ఆవిరి పట్టింది. తుడిచి బయటికి చూసే ధైర్యం ఒక్కరికీ లేదు. పిల్ల ఏడిస్తే పెర్లితా దాని నోటికి రొమ్ము అందించి, కళ్ళు మూసుకుంది. హోటల్ లోపల బల్లలు జరుగుతూనే ఉన్నాయట... తెల్లారేదాకా.

వెలుతురు రాగానే నేను జాకీ, కొత్త జాయింట్ పట్టుకుని వెళ్ళాను. చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపాను. ఊడబోయే పన్నులా కదిలింది. గుండు గిన్నె అంచుకొచ్చి వేలాడుతోంది. ఇంకో మలుపు చాలు... పసిపిల్లతో సహా అందరూ పోయేవాళ్ళు.

జాయింట్ మార్చి, బిగించి, నేనే అటూ ఇటూ నడిపి చూశాను. చిన్న చప్పుడు లేదు.

"నీ పెళ్ళాం గట్టిదిరా," అన్నాను. "అంత భయంలోనూ స్టీరింగ్ ఎంత నింపాదిగా తిప్పింది!"

పెర్లితా తలెత్తింది.

"నేనా? అమ్మ నా చెయ్యి వదిలితేగా మామయ్యా. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాం. గనీ తిప్పమన్నాడని మాకు తెలియనే తెలియదు."

ఇసగానీ తన అరచేతి వంక చూసుకున్నాడు.

కొన్సింగ్ నెమ్మదిగా దిగింది. అన్నని వదిలించుకుందామని ఆ చోట ఆగినావిడ, ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడింది. మా ఆచారంలో ఎవరూ అనకూడని మాట అంది.

"రా అన్నా. ఇంటికి పోదాం."

నేను వాళ్ళ వెనకాలే వెళ్ళాను. దారంతా ఆ కారు నుంచి చప్పుడు లేదు. ఇంటి ముందు ఆగింది. అందరూ దిగి లోపలికెళ్ళారు. ఇంజన్ ఆపేసి ఉంది. చక్రాలు కదలడం లేదు.

మరి ఆ గడప దగ్గర టక్... టక్... అని నేను విన్నదేమిటి?