ఇంజన్ కింద చాచిన చెయ్యి

చీకటి పడ్డాక ఆ షెడ్డు పక్కనుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

లారీలు ఆగే చోటుకి వెనక ఓ సందు. సందు చివర రెండు గదుల ఇల్లు, ఆ ఇంటి పెరట్లో రేకుల షెడ్డు. అటునుంచి వెళ్తే మెయిన్ రోడ్డు చిటికెలో వచ్చేస్తుంది. అయినా సరే, జనం చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. ఎందుకంటే... ఆ షెడ్డులో రాత్రిపూట ఇద్దరు పని చేస్తున్నారని.

ఉన్నది ఒక్కడే మరి.

రెండోవాడు చచ్చిపోయాడు.

ఇది నాకు మా లేత్ మావయ్య చెప్పాడు. లేత్ మిషన్ మీద ఇనుము చెక్కడం ఆయన పని, అందుకే ఆ పేరు. మామూలుగా గోరంతలు కొండంతలు చేసే మనిషే. ఈ ఒక్క కథ మాత్రం అడగ్గా అడగ్గా చెప్పాడు, అదీ గొంతు తగ్గించి.

ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరు. ఇద్దరికీ కలిపి ఒక లారీ. పెద్దాయన స్టీరింగ్ పట్టుకుంటే చిన్నాయన పక్క సీటు. బండి మొరాయిస్తే పెద్దాయన కింద దూరేవాడు, చిన్నాయన పానాలు అందించేవాడు. పెద్దాయనకి మాట తక్కువ. పానా నెంబరు చెప్పి చెయ్యి చాపడమే. అందులో పానా పడేది.

"ఒక్కసారైనా 'ఇవ్వరా తమ్ముడూ' అని అడగొచ్చుగా, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అని చిన్నాయన నవ్వేవాడట.

ఓ రోజు నిండా లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ పేలింది. లోపల కనెక్టింగ్ రాడ్డు విరిగి, ఇంజన్ బ్లాకు గోడ చీల్చుకుని బయటికొచ్చింది. ఆయిలంతా రోడ్డు పాలు. బండి వెనక్కి జారుతోంది. చక్రం వెనక రాయి పెట్టడానికి చిన్నాయన దూకాడు. రాయి పెట్టాడు కూడా.

రాయి ఆగలేదు.

లారీని తాడు కట్టి లాక్కొచ్చి పెరట్లో పడేశారు. పెద్దాయన ఏడవలేదు. వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయాక షెడ్డులోకి నడిచాడు. చైన్ కప్పీ వేసి ఇంజన్ దించాడు. ఒక్కో నట్టూ ఊడదీసి, డీజిల్లో కడిగి, పాత దుప్పటి మీద పేర్చుకుంటూ పోయాడు. పగిలిన బ్లాకు పనికిరాదని తేలితే, పాత సామాన్ల వాళ్ళ దగ్గర ఇంకోటి వెతికి తెచ్చుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. వేలు నలిగి రక్తం కారుతున్నా చూసుకునేవాడు కాదు... అదెవరి వేలో అన్నట్టు.

ఆ తర్వాతే సందులో గుసగుసలు మొదలయ్యాయి.

రాత్రి షెడ్డులోంచి పెద్దాయన గొంతు వినపడుతుంది — "పంతొమ్మిది." కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. మళ్ళీ — "ఇరవై రెండు." మళ్ళీ అదే చప్పుడు.

అడిగేవాడు పెద్దాయన. మరి అందించేదెవరు?

నైట్ డ్యూటీకి వెళ్ళే నర్సొకామె రేకుల సందులోంచి చూసి, చిన్నాయన చొక్కా కనపడిందంది. టీ కొట్టువాడైతే మరీను, దెయ్యం తనని టీ కూడా అడిగిందన్నాడు, అదీ చక్కెర తక్కువేసి. నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ నవ్వినవాళ్ళు కూడా చుట్టూ తిరిగే ఇళ్ళకి పోయారు.

మావయ్య ఇవేవీ చెవిన పెట్టలేదు. పెద్దాయన ఇచ్చిన కనెక్టింగ్ రాడ్లకి కొత్త బుష్‌లు వేసి సిద్ధం చేశాడు. ఆ రోజు దుకాణం కట్టేసరికి ఆలస్యమైంది. పోయే దారే కదా, ఇచ్చేసి పోదామని గోనెసంచి భుజాన వేసుకుని సందులోకి తిరిగాడు.

ఇంటి ముందు తలుపు వేసి ఉంది. పక్కనుంచి పెరట్లోకి వెళ్ళాడు. షెడ్డు తలుపు ఓరగా ఉంది. లోపల నేలమీద పెట్టిన బల్బు ఒకటే వెలుగు. ఆ వెలుగు మోకాళ్ళ ఎత్తు దాటి పైకి పోవట్లేదు. దుంగల మీద ఎత్తి పెట్టిన బ్లాకు, దాని కింద వెల్లకిలా పడుకున్న పెద్దాయన కాళ్ళు...

పిలుద్దామని నోరు తెరిచాడు మావయ్య.

"పంతొమ్మిది" అంది బ్లాకు కింద గొంతు. ఓ చెయ్యి బయటికొచ్చింది. అరచెయ్యి పైకి పెట్టుకుని అలా ఆగింది.

ఆగింది... ఆగింది...

చీకట్లోంచి ఇంకో చెయ్యి దిగింది. ఖాకీ చొక్కా చెయ్యి. మణికట్టు దగ్గర బట్ట మీద కాలిన మచ్చ — సైలెన్సర్ తగిలి కాలింది, మావయ్య ఎదురుగానే. చిన్నాయన ఒంటిమీద ఎన్నిసార్లు చూడలేదు ఆ చొక్కా! ఆ చెయ్యి నెమ్మదిగా పానాని అరచేతిలో పెట్టి, మళ్ళీ చీకట్లోకి వెళ్ళిపోయింది.

మావయ్య భుజం మీద సంచి జారింది. రాడ్లు ఒకదానిమీదొకటి పడి ఖంగుమన్నాయి.

బ్లాకు కింద పని ఆగలేదు. పెద్దాయన తలైనా బయటపెట్టలేదు.

కానీ ఆ ఖాకీ చొక్కా లేచి నిలబడింది. మావయ్య వైపు నడిచొచ్చింది. గుమ్మం దాకా వచ్చింది. దగ్గరికొచ్చేకొద్దీ చొక్కా కింద చీర అంచు కనపడింది. గాజులు లేని చెయ్యి ఒకటి పెదాల మీదకి వెళ్ళింది.

"అరవకండి బాబాయ్... నేనే."

చిన్నాయన భార్య.

మావయ్యని పెరటి గోడ దాకా తీసుకెళ్ళింది. వంటింటి మెట్టు మీద పెద్దాయన భార్య కూర్చుని ఉంది, మోకాళ్ళమీద గడ్డం ఆనించి.

"అక్కకి తెలుసు" అంది చిన్నామె. "రోజూ నాకోసం అలా కూర్చుంటుంది."

"ఏంటమ్మాయ్ ఇది? గుండె ఆగి చచ్చేవాణ్ణి!"

"మొదట్లో నేనూ భయపడ్డాను బాబాయ్. గదిలో పడుకుంటే వినపడేది... బావగారు నెంబరు చెప్పడం. ఎవరితో మాట్లాడుతున్నాడో అని ఓ రాత్రి వచ్చి చూశాను. ఎవరూ లేరు. చెయ్యి చాపుకుని ఉన్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోలేదు. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. అలాగే ఉంది. చివరికి తనే పాక్కుంటూ వచ్చి, పానా తీసుకుని వెళ్ళాడు. మళ్ళీ నెంబరు చెప్పాడు. మళ్ళీ చెయ్యి చాపాడు..."

"అందుకని..."

"అందుకని ఒకటి తీసి పెట్టాను. అంతే. మసి అంటుతుందని ఈ చొక్కా వేసుకుంటున్నా."

"మరి... నువ్వేనని ఆయనకి తెలుసా?"

"ఏమో. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. లారీ జారిన రోజు నుంచీ ఆయనతో నేను మాట్లాడట్లేదు బాబాయ్."

ఆమె ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. దుకాణంలో కరెంటు పోయినప్పుడు మిషన్లుంటాయే, అలా ఉందన్నాడు నాతో.

షెడ్డులోంచి పిలుపు వచ్చింది. "ఇరవై రెండు."

ఆమె వెళ్ళిపోయింది.

మావయ్య ఈ సంగతి సందులో ఎవరికీ చెప్పలేదు. దెయ్యం అనుకుంటే అనుకోనీ, కనీసం ఎవరూ తొంగి చూడరు అనుకున్నాడు.

ఇంజన్ పూర్తవడానికి చాలా రోజులు పట్టింది. లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ కొత్తవి. బండిలోకి ఎక్కించే రోజున కప్పీ గొలుసు లాగడానికి మావయ్య, ఇంకో ఇద్దరు వెళ్ళారు. స్టార్ట్ చేసే సాయంత్రం మాత్రం పెద్దాయన మావయ్య ఒక్కణ్ణే రమ్మన్నాడు.

వెళ్ళేసరికి మసక చీకటి. సైలెన్సర్ ఇంకా బిగించలేదు. చిన్నామె షెడ్డు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, అదే చొక్కాలో. మొదటిసారి వెలుతురుండగా వచ్చింది. పెద్దాయన ఆమె వైపు చూడలేదు. క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాడు.

మూలిగింది. ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మూలిగింది... ఒక్కసారిగా అందుకుంది.

సైలెన్సర్ లేని డీజిల్ ఇంజన్ అరుపు ఎలా ఉంటుందో తెలుసుగా. రేకులన్నీ దడదడలాడాయి. నల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. పెద్దాయన దిగొచ్చి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఇంజెక్టర్ల మీద ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూశాడు. డాక్టర్ నాడి చూసినట్టు చూశాడన్నాడు మావయ్య, అదీ తనకి ఏమీ కాని రోగిని.

అప్పుడు చిన్నామె గోడ దగ్గర్నుంచి కదిలి ఆయన ముందుకి వచ్చింది. ఏదో అడిగింది. ఆ చప్పుడులో ఆమె పెదాలు కదలడమే మావయ్యకి కనపడింది.

పెద్దాయన తల దించుకున్నాడు. ఆయన పెదాలూ కదిలాయి.

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఈసారి గొంతు పెంచింది. "గట్టిగా చెప్పండి బావగారూ. వినపడలేదు."

మావయ్యకి ఆ మాట స్పష్టంగా వినపడింది. వెంటనే పెద్దాయన గొంతు కూడా వినపడింది. అంత గట్టిగా ఆయన మాట్లాడటం సందులో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

"వాడు ఆపమన్నాడమ్మా! ఇంజన్ లోపల ఏదో కొట్టుకుంటోంది అన్నయ్యా, ఆపు అన్నాడు... ఎత్తు ఎక్కేశాక చూద్దాంలే అన్నాను. నేనే ఆపలేదు!"

ఆమె అలాగే చూసింది. తర్వాత క్యాబిన్ మెట్టెక్కి, లోపలికి చెయ్యి పెట్టి, ఇంజన్ ఆపే పుల్ల లాగింది.

ఇంజన్ ఆగలేదు.

డీజిల్ సరఫరా కట్టయింది. మావయ్య కళ్ళారా చూశాడు, పంపు దగ్గర మీట పూర్తిగా వెనక్కి వచ్చేసింది. అయినా ఇంజన్ తిరుగుతూనే ఉంది. మెల్లగా... మనిషి ఊపిరి తీసినట్టు... ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడిపోయారు. ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత, దానంతటదే, ఆగింది.

"కొత్త ఇంజన్ కదా, పిస్టన్ల మీద ఆయిల్ మిగిలుంటుంది. అది కాలేదాకా తిరుగుతుంది, అంతే" అని నాతో అన్నాడు మావయ్య. అని, కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "అంత సేపు తిరగదు గానీ."

పొగ మెల్లగా తేలిపోయింది. ఆమె మెట్టు దిగింది. చొక్కా అంచుకి చేతులు తుడుచుకుంది.

"రేపు ఏం పనుంది బావగారూ?" అంది.

ఆయన కింద కూర్చుండిపోయి ఉన్నాడు.

"సైలెన్సర్ బిగించాలమ్మా" అన్నాడు.