పిలక అవ్వ రుచి చూసిన గరిటె

జొన్నపురి రాజ్యానికి పెద్ద దిగులు పట్టుకుంది. నాలుగేళ్ల యువరాజు జయకేతు ఎంత తిన్నా చిక్కిపోతున్నాడు. వైద్యులంతా చేతులెత్తేశారు. వాణ్ణి రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుని గోరుముద్దలు తినిపించేది వంటావిడ కూతురు సింగారి. ఆ పిల్లకు వాడంటే ప్రాణం. వాడి ఎముకలు చేతికి తగులుతుంటే చూడలేక, మూడు అడవులు దాటి జటాముని కాళ్ల మీద పడింది.

"వాడి కడుపులో ఏలికపాము చేరిందమ్మా. ఈ వేరు నమిలితే ఇసుక రేణువంత అవుతావు, మళ్లీ ఒంటిమీద నీళ్లు పడితే మనిషంత అవుతావు. లోపలికెళ్లి తరమాలి. భయం లేదూ?" అన్నాడు ముని.

"ఎందుకు లేదు తాతా! అయినా వెళ్తాను."

ఇంటికొచ్చి వేరు నమిలి, అమ్మ గరిటెతో సహా రేణువంతై, పాలబువ్వతో పాటు యువరాజు గొంతులోకి జారింది సింగారి. లోపల మెలికలు తిరిగిన పొడవాటి గుహ. ఓ మలుపులో తెల్లటి పాము హాయిగా పడుకుని ఉంది. సింగారి గరిటెతో దబదబా బాదింది.

"కొట్టుకో పిల్లా! నేను అల్లరి చెయ్యను, చప్పుడు చెయ్యను. ఈ ఒంటిని కాచే సైన్యానికి నేనున్నట్టే తెలీదు" అని నవ్వింది పాము.

సింగారికి ఏడుపొచ్చేసింది. వెనక్కి వస్తుంటే, గుహ గోడలో ఇమిడి ఉన్న ఓ ముసలమ్మ పిలిచింది. ఆమెకు కళ్లు లేవు. నెత్తిన పిలక మాత్రం నిటారుగా ఉంది.

"ఎందుకేడుస్తావే తల్లీ? నేనిక్కడ కాపలాదాన్ని. ఈ పిలకతో రుచి చూసి దొంగల్ని పసిగడతాను. ఈ మధ్య ఏదో తేడాగా ఉంది కానీ తేలట్లేదు."

సింగారి గరిటె వంక చూసింది. దానికి పాము జిగురు అంటుకుని ఉంది. వాళ్లింట్లో గరిటె అంచున చుక్క రుచి చూడనిదే ఏదీ వడ్డించరు. "ఓరి నా మతి మండ! ఇది కొట్టడానికా?" అనుకుని గరిటె చాపింది. "అవ్వా, రుచి చూడు!"

"అమ్మో, పామే!" అవ్వ పెట్టిన కేకకు గోడ వెనక సైనికులు ఉలిక్కిపడి లేచారు. కత్తులు దూయలేదు. గోడలో జిగురు కుండలు పట్టుకుని కూర్చున్న కుండలవాళ్లకు కబురంపారు. వాళ్లు చిక్కటి జిగురు కుమ్మరించారు. నాలుగు రోజుల్లో గోడ నిండా కొత్త పిలక అవ్వలు మొలిచి, అందరూ కలిసి కేకలేశారు. జిగురులో పాముకు పట్టు దొరకలేదు. నీళ్లు పొంగాయి, గుహ ఊగిపోయింది, పాము కొట్టుకుపోయింది.

వెనకే సింగారీ బయటపడింది. ఏ దారినా అని మాత్రం అడగకండి! నాలుగు బిందెల నీళ్లు పోసుకున్నాకే మళ్లీ మనిషంత అయింది.

నెల తిరిగేసరికి యువరాజు బుగ్గలు నిండాయి. రాజుగారు సింగారిని కూతురిగా చేసుకున్నారు. ముద్ద పెడుతూ ఆమె అవ్వ సంగతి చెబితే, వాడు ముద్ద మింగేసి ఊరుకోలేదు. పొట్టకేసి వంగి గట్టిగా అడిగాడు.

"అవ్వా, ఉప్పు సరిపోయిందా?"