కోడలు దాచిన శుభవార్త

"నొప్పి పోయిందత్తయ్యా!"

పొద్దుటి నుంచీ మెలికలు తిరిగిపోతున్న కోడలు ఆ మాట అనగానే అత్తగారి ముఖం చేటంత అయింది. "చూశావురా! వేడినీళ్ల సంచీతో పోయేదానికి ఆస్పత్రీ, ఆర్భాటమూనూ!" అని కొడుకును దెప్పింది. రెండు గంటలు తిరక్కుండానే కోడలి ఒళ్లు కాలిపోయింది... పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది!

ఆస్పత్రిలో డాక్టరమ్మ పొట్టకు కుడివైపు మెల్లగా నొక్కి, చటుక్కున వదిలింది. కోడలు కెవ్వుమంది! స్కానింగ్ చూసి, "అపెండిక్స్ పగిలిందమ్మా. పగిలాక కాసేపు హాయిగానే ఉంటుంది, అదే మోసం" అంది డాక్టరమ్మ. అత్తగారు నెత్తి కొట్టుకుంది. అయ్యో... చేజేతులా ఆలస్యం చేశానే!

ఆపరేషన్ చేసి, లోపలి చీమునంతా కడిగి, గొట్టం పెట్టారు. జ్వరం దిగింది. కానీ పేగులు కదిలి గ్యాస్ పోతేనే మంచినీళ్లట! "గ్యాస్ పోయిందా?" అని డాక్టరమ్మ రోజూ అడగడం, కోడలు తల అడ్డంగా ఊపడం! మూడోరోజు, "ఇవాళా పోకపోతే మళ్లీ స్కానింగ్... ఏమో, మళ్లీ కోయాల్సి రావచ్చు" అని వెళ్లిపోయింది. అత్తగారు చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

"ఏడవకండత్తయ్యా... నిన్న సాయంత్రమే పోయింది."

"నిన్ననా! మరి నోరెండగట్టుకుని కూర్చున్నావేమే, పిచ్చిమొహమా?"

"మీ ముందు గట్టిగా తుమ్మనైనా తుమ్మలేదు... ఇదెలా చెప్పను?"

అత్తగారికి నవ్వాగలేదు. అంతలోనే అనుమానమొచ్చింది. "నిజం చెప్పు. ఆవేళ నొప్పి పూర్తిగా పోయిందా?"

"సగం పోయింది... మిగతా సగం మీ మాట నిలబడాలని అన్నాను."

అత్తగారు కోడలి చేతిని కళ్లకద్దుకుని, మరుక్షణం వరండాలోకి పరుగెత్తింది. "డాక్టరమ్మా! మా కోడలికి గ్యాస్ పోయిందండీ! నిన్ననే పోయిందండీ!" వార్డు వార్డంతా గొల్లున నవ్వింది! కోడలు దుప్పటి ముసుగేసుకుంది.

డాక్టరమ్మ వచ్చి పొట్టమీద స్టెతస్కోపు ఆనించి విని, నవ్వి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టమంది. అత్తగారు ఒక చెంచా పట్టింది.

"ఇంకో చెంచా, అత్తయ్యా!"

కాపురానికొచ్చిన ఆరేళ్లలో ఆ పిల్ల ఆమెను నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి!