గత ఏడాది వివరాలే

బుజ్జి పన్ను రిటర్నుకి కూర్చుందంటే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. డైనింగ్ టేబుల్ సగం ఆమెదైపోతుంది, పక్కనున్న కాఫీ చల్లారిపోతుంది, మొహం పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతుంది. ఆ ఉదయమూ అంతే. టేబుల్ మిగతా సగంలో అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వెనక గదిలో అక్క కుట్టుమిషను ఆగి ఆగి మోగుతోంది.

"అంత జీతం ఇవ్వడమెందుకో, అందులో మూడోవంతు మళ్ళీ లాక్కోవడమెందుకో," అంది అమ్మ. "ముందే తక్కువిస్తే ఇద్దరికీ పని తప్పేదిగా."

"ఈ మాట మా మేనేజరుకి మాత్రం చెప్పకమ్మా. నిజంగానే తగ్గించేస్తాడు."

సాఫ్ట్‌వేర్ కంపెనీలో బుజ్జి చేసే ఉద్యోగమే ఫారాలు వాటంతటవే నిండేలా చేయడం. అందుకే పన్ను సైటులో 'మీపై ఆధారపడినవారు' అనే పేజీలో కనిపించే నీలం బటనంటే ఆమెకి మహా ఇష్టం. 'గత ఏడాది వివరాలే కొనసాగించాలా?' అని అడుగుతుంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, అమ్మ పేరూ అక్క పేరూ వచ్చి కూర్చుంటాయి, పన్ను దిగివస్తుంది. ఎక్కువ ఆదాయం వాళ్ళకి ఒక్కటే అదనం, ఆధారపడినవాళ్ళు సంతకం చేసిన కాగితం జతచేయాలి. "ఇక్కడో సంతకం పెట్టక్కా" అంటే అక్క పంటి కింద దారం వదలకుండానే పెట్టేస్తుంది. నాలుగేళ్ళుగా పెడుతోంది. ఏనాడూ చదవలేదు. సొంత చెల్లెలి కాగితం చదవడమేంటి?

బటను నొక్కబోతుండగా అక్కే వచ్చింది. మెడలో టేపు, చేతిలో చించిన కవరు.

"బుజ్జీ, ఇందులో ఏముందో కాస్త చెప్పవే. ఈ ఆఫీసు రాతలు నా బుర్రకెక్కవు."

మార్కెట్ పక్కన మున్సిపాలిటీ కొత్తగా కట్టిన సముదాయంలో దుకాణం గది కోసం అక్క పెట్టుకున్న దరఖాస్తుకి జవాబది. సొంత సంపాదన మీద బతికే చిన్న పనివాళ్ళకి తక్కువ అద్దెకిచ్చే గదులవి. నెల రోజులుగా అక్క ఆ గదిలో మనసులోనే మిషను వేసేసింది, ఎడమ గోడకి నిలువుటద్దం కూడా బిగించేసింది.

బుజ్జి కళ్ళు రెండో వాక్యం దగ్గర ఆగిపోయాయి. 'పన్ను రికార్డుల ప్రకారం దరఖాస్తుదారుకు ఏ వృత్తీ లేదు. ఈమె తన చెల్లెలిపై ఆధారపడిన వ్యక్తి. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది. అభ్యంతరాలుంటే ఐదు రోజుల్లోగా తెలపవలెను.'

"ఏమందే?"

నోటి దాకా వచ్చిన నిజాన్ని బుజ్జి చల్లారిన కాఫీతో పాటు మింగేసింది.

"రాలేదక్కా. అర్హత లేదంట. రికార్డుల్లో ఏదో పొరపాటు."

"పొరపాటు నాదా, వాళ్ళదా?"

"వాళ్ళదే అయ్యుంటుంది."

"అయితే ఇప్పుడే వెళ్ళి కడిగేసి వస్తా. పదిహేనేళ్ళుగా మిషను తొక్కుతున్నదానికి అర్హత లేకపోవడమేంటి, విడ్డూరం కాకపోతే!"

"నేను తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటాలే అక్కా..."

"నీకు మీటింగులుంటాయి. నువ్వు కూర్చో."

మెడలో టేపు తీసి కుర్చీకి తగిలించి, చెప్పులేసుకుని అక్క బయల్దేరింది. వాళ్ళ బిల్డింగులో లిఫ్టు పాతది, పైకి రావడానికి మూడు నిమిషాలు పడుతుంది. 'ఆగక్కా' అనడానికి మూడు నిమిషాలు బోలెడంత టైము. బుజ్జి ఆ మూడు నిమిషాలూ స్క్రీను వైపు చూస్తూ కూర్చుంది.

మొదటి ఏడాది అది నిజమే. అక్క మణికట్టు విరిగి, ఆపరేషనయ్యి, పది నెలలు సూది పట్టలేదు. ఇల్లంతా బుజ్జి జీతం మీదే నడిచింది. అక్క పేరుని ఆమె ఆ ఫారంలో కాస్త గర్వంగానే టైపు చేసింది. రెండో ఏడాది నీలం బటను కనబడేసరికి వెనక గదిలో అక్క నూట ఇరవై స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఆ చప్పుడు వింటూనే నొక్కింది. అలా మిగిలిన డబ్బుతో బయటి శబ్దాలు వినపడని హెడ్‌ఫోన్లు కొనుక్కుంది, మీటింగుల్లో మిషను చప్పుడు ఇబ్బందిగా ఉందని. పాలు, కూరగాయలు, అమ్మ మందులు మళ్ళీ అక్క డబ్బుతోనే వస్తున్నాయని తెలియక కాదు. తెలిసిందంతా టైపు చేయమని ఎవరూ అడగలేదు, అంతే.

"మొహం అలా పెట్టావేంటే?" అంది అమ్మ. "పన్ను ఎక్కువొచ్చిందా?"

"లేదమ్మా. ఇన్నాళ్ళూ తక్కువే వచ్చింది."

"మరింకేం!"

అక్క తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడింది.

"గుమాస్తా స్క్రీను నావైపు తిప్పి చూపించాడు," అంది. గొంతు పెంచలేదు. "నా సంతకాలు నాలుగున్నాయి. పక్కన నీ పేరుంది."

"అక్కా, మొదటి ఏడాది నిజంగానే..."

"ఆ ఏడాది సంగతి నేనెత్తానా? నాకు జడేశావు, జాకెట్టు హుక్కులు పెట్టావు. చచ్చేదాకా మర్చిపోను. కట్టు విప్పాక సంగతి చెప్పు."

"బటన్ నొక్కానక్కా. అంతే. అదే నింపేసుకుంది."

"అదే నింపుకుందా? నేను గుడ్డ పెట్టకుండా నా మిషను ఏం కుడుతుందే?"

"పోనీయవే," అంది అమ్మ మధ్యలో. "పన్ను తగ్గితే ఇంటికేగా మంచిది."

"అమ్మా, నువ్వెళ్ళి కూర చూసుకో. మాడుతోంది."

కూర పొయ్యి దిగి గంటయింది. అయినా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఆ గుమాస్తా మర్యాదస్తుడే," అంది అక్క. "'మీరేం చేస్తారమ్మా?' అన్నాడు. కుడతానన్నా. 'మరి ఎక్కడా లేదేంటి?' అన్నాడు. లైన్లో నా వెనక ఎవరున్నారో తెలుసా? టీచరమ్మ. వాళ్ళమ్మాయి పెళ్ళి బట్టలన్నీ కుట్టింది నేనే. ఆవిడ ముందు నేను..." చెప్పులు విడిచి లోపలికొచ్చింది. "పొద్దున కాగితం చదివినప్పుడే నీకు తెలిసిపోయింది కదూ?"

బుజ్జి తలూపింది.

"తెలిసి కూడా నన్ను వెళ్ళనిచ్చావు."

"భయమేసిందక్కా," అంది బుజ్జి.

"జరిమానా అంటేనా?"

"కాదు. నువ్వంటే."

కన్నీళ్ళు జారి కీబోర్డు మీద పడ్డాయి. అక్క ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఏడుపు తర్వాత. వాళ్ళిచ్చిన ఐదు రోజుల్లో ఒకటి గడిచిపోతోంది. సరిచేయడానికీ ఓ బటనుందా?"

"లేదు. మూడేళ్ళవీ మళ్ళీ చేత్తో నింపాలి. ఆ రసీదు చూపిస్తే నీ దరఖాస్తు మళ్ళీ చూస్తారు."

"అయితే కానీ. నేను చూస్తూ ఉంటా."

'మార్పుకు కారణం' దగ్గర మూడు మాటలు వరసగా ఉన్నాయి: టైపింగ్ పొరపాటు, సమాచార లోపం, ఇతర. బుజ్జి వేలు అలవాటుగా మొదటిదాని మీదికి వెళ్ళింది.

"టైపింగ్ పొరపాటు," అని పైకి చదివింది అక్క.

బుజ్జి 'ఇతర' ఎంచుకుని టైపు చేసింది: 'మా అక్క తన సంపాదన మీదే బతుకుతోంది. తెలిసే తప్పు రాశాను.'

"తెలిసే అంటే జరిమానా ఎక్కువేస్తారేమోనే?"

"వేస్తారు."

"అయితే ఉండనీ."

జరిమానాతో కలిపి కట్టాల్సింది ఎంతో తేలేసరికి, వంటింట్లోంచి వచ్చి వెనక నిలబడ్డ అమ్మ నోరు నొక్కుకుంది. బుజ్జి అటు చూడలేదు.

"రేపు నేనూ వస్తానక్కా. గుమాస్తాకి నేనే చెప్తా."

"టీచరమ్మకో?"

"ఆవిడకీ నేనే చెప్తా."

అక్క ఆ అంకె మీద వేలు పెట్టింది. "ఇందులో పదోవంతు నాది," అంది. "చదవకుండా సంతకం పెట్టినందుకు. నెలనెలా ఇచ్చేస్తా."

"నీకెందుకక్కా, నీ దగ్గర ఎక్కడ..." అనబోయి బుజ్జి ఆగిపోయింది. అక్క ఆమె మొహంలోకే చూస్తోంది. ఇన్నాళ్ళూ తను ఫారంలో రాస్తూ వచ్చింది ఆ మాటేనని బుజ్జికి అప్పుడు అర్థమైంది.

"ఎప్పట్నుంచి ఇస్తావు?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"వచ్చే నెల నుంచి."

"ఆలస్యమైతే ఊరుకోను."

"అమ్మో, గుమ్మంలో కూర్చునే అప్పులవాళ్ళే నయం!" అక్కకి నవ్వొచ్చేసింది. నవ్వుతూనే చెల్లెలి నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. అది ఇంకొంచెం గట్టిగా పడుంటే బాగుండుననిపించింది బుజ్జికి.